పాత నాణేలను చింతపండుతో తోమవచ్చా?

తాతగారి పెట్టెలో దొరికిన జార్జి రాజుల కాలం నాణేలు నల్లబడ్డాయి, చింతపండుతో తోమవచ్చా అని అడిగారు. అమ్మే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి తోమకండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది నల్లటి ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, నాణెం తళతళలాడుతుంది. కానీ సేకరించేవాళ్లు ఆ పాత రంగు చూసే ధర కడతారు. తోమితే వచ్చే గులాబీ ఛాయ, సన్నటి గీతలు భూతద్దంలో ఇట్టే దొరికిపోతాయి. ముగ్గుపిండి, బూడిద అయితే మరీ అన్యాయం, కిరీటం మీది చెక్కడమే అరిగిపోతుంది.

మట్టి పోవాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి నూలుగుడ్డతో అద్దండి.

వెండి రూపాయి మీది నలుపు వేరు, అది సల్ఫైడ్, అంటే వెండి గంధకంతో కలిసి ఏర్పడే పొర. జ్ఞాపకంగా ఇంట్లోనే ఉంచుకునేదైతే, గాజు గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లు, వంటసోడా వేసి, నాణెం ఫాయిల్‌కి తగిలేలా పెట్టండి.