ముందు నీళ్లు చేదండి, తేర్చడం తరువాత

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన మా నాయన గురించి రాయాలని మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. మొదటి వాక్యాన్నే పదకొండుసార్లు కొట్టివేశాను. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉండేదో తెలుసుకుని రాద్దామని ఒకసారి ఆగితే, మళ్లీ కాగితం ముట్టడానికి పది రోజులు పట్టింది. నాకు రాత రాదనుకోవాలా?

జవాబు: మీరు ఉత్తరంతో పంపిన కాగితాన్ని శ్రద్ధగా చూశాను. ‘మా నాయన పొద్దుగాల బిందె పట్టుకొని బోరింగు కాడికి పోయేటోడు’ అని మొదలుపెట్టి, ‘పోయేటోడు’ను ‘వెళ్లేవాడు’గా, ‘పొద్దుగాల’ను ‘తెల్లవారుజామున’గా మార్చి, చివరకు ‘నాయన’ మీద కూడా గీత గీసి ‘తండ్రిగారు’ అని రాశారు. మీ నాయన బోరింగు దాకా చేరనేలేదు.

రాత రాకపోవడం కాదిది. గుర్తు చేసుకోవడం ఒక పని, తప్పొప్పులు చూడడం వేరే పని. రెండింటినీ ఒకేసారి చేయబోతే, ఈ మాట సరైనదేనా అని తూచే లోపల వెనకనే వస్తున్న జ్ఞాపకం చెదిరిపోతుంది.

మీ జిల్లా పేరుతోనే ‘నల్లగొండ పద్ధతి’ అనే, నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానం ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఆ పద్ధతిలో నీళ్లు తెచ్చి పాత్రలో పోసుకున్న తరువాతనే సున్నం, బ్లీచింగ్ పొడి, పటిక కలుపుతారు. మడ్డి అడుగుకు దిగేదాకా కదపకుండా ఉంచి, పైనున్న తేటను తీసుకుంటారు. బావిలోనే తేర్చి ఆ తరువాత చేదుకుందామని ఎవరూ కూర్చోరు.

కాబట్టి రేపు పెన్సిలు, రబ్బరు పక్కన పెట్టి, పెన్నుతో 20 నిమిషాలు ఆగకుండా రాయండి. బిందె బరువుకు ఆయన ఎక్కడ ఆగేవారో, దించేటప్పుడు ఏమనేవారో, వరుస తప్పినా సరే, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. మాట దొరకని చోట, అంకె తెలియని చోట ఒక గీత గీసి ముందుకు సాగండి. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములని, మీ ఊరి నీళ్లలో ఇంత ఉండేదని తరువాత నింపుకోవచ్చు; ఆయన నడక మాత్రం ఏ రికార్డులోనూ దొరకదు. రాసింది ఆ రోజు చదవకండి. ఇది కష్టమే, చేయి ఊరుకోదు, అయినా కాగితాన్ని మడిచి పెట్టండి. నాలుగైదు రోజుల తరువాత పైకి చదివితే ఎక్కడ సాగదీశారో, ఎక్కడ చెప్పకుండా వదిలేశారో మీ చెవికే తెలుస్తుంది. దిద్దడం అప్పుడు మొదలుపెట్టండి.

‘పోయేటోడు’ ఉంచాలా, మార్చాలా అన్నది కూడా అప్పటి ప్రశ్నే. నన్నడిగితే ఉంచమనే అంటాను. మీ కథనంలో భాష ఎలా మారినా, మీ నాయన నోటి మాటలను మాత్రం ముట్టుకోకండి. పూర్తయ్యాక దిద్దిన ప్రతితో పాటు దిద్దని మొదటి ప్రతిని కూడా మాకు పంపండి, రెండూ చదువుతాను.