గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు గోడలో ఎర్త్ చూడు

చిట్టితల్లీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కంప్యూటర్ సామాన్ల లిస్టు రాత్రి రెండుసార్లు చదివాను. నీ అంతట నువ్వే సిస్టం అసెంబుల్ చేసుకుంటానన్నందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేశాను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుని బోర్డు ముందు కూర్చుంటుందని అప్పట్లో నేను ఊహించలేదు. అందుకే ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి సరిపెట్టకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీ లిస్టులో గ్రాఫిక్స్ కార్డుకు ఆరు వరసలు రాశావు. ఏ కంపెనీది, ఎన్ని ఫ్యాన్లు, ఏ రంగు అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం "ఎస్ఎంపీఎస్ – ఏదో ఒకటి" అని ఉంది. ఎస్ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చే డబ్బా. నా ఉత్తరంలో సగం ఆ ఒక్క మాట గురించే.

2005లో ఒక ఫొటో స్టూడియో ఆయనకు సిస్టం కట్టి ఇచ్చాను. అప్పట్లో క్యాబినెట్ కొంటే ఎస్ఎంపీఎస్ అందులోనే బిగించి వచ్చేది. మంచిది వేరుగా కొనాలంటే ఇంకో ఆరేడు వందలు అయ్యేవి. ఆయన బేరమాడాడు, నేనూ పోనీలే అని క్యాబినెట్‌తో వచ్చిందే ఉంచేశాను. దాని మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో స్టిక్కర్ ఉంది. ఎనిమిది నెలలకు ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, లోపల టప్ మని చప్పుడైంది. బోర్డు పోయింది, రెండు హార్డ్ డిస్కులూ పోయాయి. వాటిలో మూడు పెళ్లిళ్ల ఫొటోలు ఉన్నాయి, ఒక్కటీ ఇంకా ప్రింటు వేయలేదు. విప్పి చూస్తే కరెంటు లోపలికి వచ్చేచోట ఉండాల్సిన ఫిల్టర్ కాయిల్ లేదు, దాని బదులు రెండు వైరు ముక్కలు అతికించి ఉన్నాయి. ఆ పెళ్లిళ్లలో ఒక అమ్మాయి తండ్రి నా షాపుకు వచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ రోజు తర్వాత మంచి ఎస్ఎంపీఎస్ లేకుండా నా చేత్తో ఒక్క సిస్టం కూడా బయటకు పంపలేదు.

కాబట్టి స్టిక్కర్ చదవడం నేర్చుకో. డబ్బా మీద పెద్దగా రాసిన వాట్లను నమ్మకు. పక్కన చిన్న పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12ను 18తో గుణించు, 216 వాట్లు వస్తాయి. పైన 500 అని రాసినా నీకు పనికొచ్చేది ఆ 216 మాత్రమే. నిజాయితీగా చేసిన 550 వాట్ల యూనిట్‌లో 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. ఇక డబ్బా మీద ఉండే 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే రేటింగులు గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా అవుతుందో చెబుతాయి. లోపలి భాగాలు ఎంతకాలం ఆగుతాయో వాటితో తెలియదు. దానికి వారంటీ చూడు. ఐదేళ్లు, ఏడేళ్లు ఇచ్చేవాడు తన సరుకు మీద నమ్మకంతోనే ఇస్తాడు.

లెక్క కూడా నువ్వే వేసుకోగలవు. నువ్వు అనుకున్న రైజెన్ 5 7600 ప్రాసెసర్ పూర్తి లోడు మీద 90 వాట్ల లోపే లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డుకు 180. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు కలిపి ఇంకో 60 అనుకో. మొత్తం 330. గ్రాఫిక్స్ కార్డులు మిల్లీసెకన్ల పాటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి, రేపు నువ్వు పెద్ద కార్డు వేసుకోవచ్చు. అందుకని మంచి 650 వాట్లది చాలు. 1000 వాట్లది అమ్మజూపితే వద్దను.

ఇప్పుడు ఎర్త్ సంగతి. మీ ఇంట్లో పాత కంప్యూటర్ క్యాబినెట్‌ను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే చేయి జివ్వుమంటుందని మీ అమ్మ ఎప్పుడో చెప్పింది. అది కంప్యూటర్ తప్పు కాదు. దాదాపు ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ ఫేజు నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కాస్త కరెంటు ఎర్త్ వైరులోకి పోవాలి. గోడలో ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక క్యాబినెట్ మీద నిలుస్తుంది. 230 వోల్టుల్లో దాదాపు సగం ఆ రేకు మీద ఉన్నట్టు! కరెంటు మోతాదు తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ నువ్వు పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు, మానిటర్ తీగ గుచ్చినప్పుడు ఆ వోల్టేజీ పోర్టుల గుండా దారి వెతుక్కుంటుంది. యూఎస్‌బీ పోర్టులు ఊరికే కాలిపోతున్నాయని నా దగ్గరకు తెచ్చిన సిస్టంలలో చాలా వాటికి అసలు జబ్బు గోడలోనే ఉండేది.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నువ్వు కంప్యూటర్ పెట్టే సాకెట్టు దగ్గర మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించు. ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి, మూడోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. నువ్వు సొంతంగా ఆ పని చేయకు. మీ పెరట్లో ఎర్త్ గుంత ఉందో లేదో మీ నాన్నను అడుగు. ఉంటే వేసవిలో వారానికి ఒకసారి రెండు బిందెల నీళ్లు పోయండి. మన్ను ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే.

మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉండొచ్చు. ఉంటే అటు వేయి. కరెంటు పోయినప్పుడు మంచి ఎస్ఎంపీఎస్ సుమారు 16 మిల్లీసెకన్లు తనలో దాచుకున్న దానితో నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా అందుకుంటే సిస్టం ఆగిపోతుంది. కరెంటును నున్నటి అలలా కాక మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొత్త ఎస్ఎంపీఎస్‌లు దానితో సరిగా కుదురుకోవు, కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ తీసుకుందాం. బజారులో దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లేనని గుర్తుంచుకో. నీ 330కి మానిటర్ కూడా కలిస్తే అది చాలదు.

కరెంటు తర్వాత గాలి. నువ్వు వీడియోల్లో చూసే టెంపరేచర్లు ఏసీ గదుల్లో తీసినవి. కూలర్ ఎంత గొప్పదైనా గదిలో గాలి కన్నా చల్లగా చేయలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 72 చూపించే ప్రాసెసర్, మే నెలలో మీ కొత్తగూడెం గదిలో 40 ఉంటే 87 చూపిస్తుంది. ఈ రైజెన్ ప్రాసెసర్లు 95 దగ్గరకు రాగానే తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. అంటే వేడి అక్కడిదాకా పోతే నువ్వు డబ్బు పెట్టి కొన్న వేగం వేసవి మూడు నెలలూ నీకు పూర్తిగా అందదు. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్ పక్కన పెట్టి, నిలువుగా ఉండే టవర్ కూలర్ ఒకటి తీసుకో. నీళ్ల కూలర్ నీకు అవసరం లేదు. మీ గదికి దుమ్ము ఎక్కువ, దాని పంపు పాడైతే మార్చేవాళ్లు మీ ఊళ్లో దొరకరు.

నువ్వు ఎంచుకున్న క్యాబినెట్‌కు ముందు వైపు మొత్తం అద్దం, అద్దం వెనక మూడు రంగుల ఫ్యాన్లు. అందంగానే ఉంది, కాదనను. కానీ గాలి ఎక్కడి నుంచి వస్తుంది తల్లీ? పక్క సందుల్లోంచి కాస్త లాక్కోవాలి. ముందు జాలీ ఉన్నది తీసుకో. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి గాలి తేవాలి, వెనక ఒకటి బయటకు పంపాలి. లోపలికి వచ్చేది ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు, ఫిల్టర్‌లోనే ఆగుతుంది. మీ ఊరి బొగ్గు ధూళి సంగతి నీకు చెప్పేదేముంది, కిటికీ గడప మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లగా ఉంటుంది. అది బోర్డు మీద పేరుకుని వానాకాలం తేమ తగిలితే కరెంటుకు దారి ఇస్తుంది. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడిగి, నీడలో పూర్తిగా ఆరాక పెట్టు. లోపల బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరగనివ్వకు. వెనక వాడని స్లాట్ల రేకులు ఒక్కటీ తీయకు. ఆ సందుల్లోంచి బల్లి దూరి బోర్డు మీద షార్ట్ అయిన సిస్టంలు నేను ఎన్నో చూశాను. దసరాకు పూజ చేసేటప్పుడు బొట్లు పక్క రేకు మీద పెట్టు. జాలీ మీద చల్లిన పసుపూ కుంకుమా తిన్నగా కూలర్ రెక్కల్లోకి పోతాయి.

మిగతా సామాను మీద నాకు పెద్ద అభ్యంతరాలు లేవు. ప్రాసెసర్‌లో లోపలే డిస్‌ప్లే ఉన్నది ఎంచుకున్నావు, మంచిది. 7500ఎఫ్ లాంటి చివర ఎఫ్ ఉన్న వాటిలో అది ఉండదు. రేపు కార్డుకు ఏదైనా అయితే దాన్ని తీసేసి తప్పు ఎక్కడుందో చూసుకునే వీలుంటుంది. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానన్నావు కదా, 5060 టీఐలో ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలు అమ్ముతారు. నీకు 16ది కావాలి. సీను మొత్తం కార్డు మెమొరీలో పడితేనే రెండర్, అంటే బొమ్మను చివరి రూపంలోకి తేవడం, హాయిగా సాగుతుంది. బిల్లు మీద 16 జీబీ అనీ, సీరియల్ నంబరూ రాయించుకో. జీఎస్టీ లేకుండా తక్కువకు ఇస్తానంటే ఒప్పుకోకు. వారంటీకి వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ బిల్లే. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. తయారీదార్లంతా డేటా సెంటర్లకు కావలసిన మెమొరీ వైపు మళ్లారు మరి. 32 జీబీ ఇప్పుడు అందకపోతే 16తో మొదలుపెట్టి తర్వాత చూద్దాం. దాని కోసం ఎస్ఎంపీఎస్ డబ్బులు మాత్రం కోయకు.

బిగించే రోజు తొందరపడకు. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 రకం బోర్డులో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకల్లాంటివి 1718. ప్రాసెసర్ మూల త్రికోణం గుర్తు సాకెట్ గుర్తుతో కలిపి నిటారుగా వదిలేయి, జరపకు. లివర్ నొక్కేటప్పుడు కిర్రుమంటుంది, భయపడకు, అది మామూలే. పైనుంచి ఊడిన నల్ల ప్లాస్టిక్ మూత దాచు, వారంటీకి బోర్డు పంపేటప్పుడు అడుగుతారు. ర్యామ్ రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటు. కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది తీయడం మరిచి "వేడెక్కుతోంది" అని వచ్చినవాళ్లు ఒకరిద్దరు కాదు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్టు బఠాణీ గింజంత చాలు.

క్యాబినెట్‌లో బోర్డు పెట్టే ముందు ఇత్తడి స్టాండ్‌లు బోర్డు రంధ్రాలతో సరిపోయాయో లెక్కపెట్టు. ఒకటి ఎక్కువైతే అది వెనక నుంచి బోర్డును తాకి షార్ట్ చేస్తుంది. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్నుల తీగ నాలుగు నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట మరొకటి బలవంతంగా దూర్చకు. టిక్ మని వినిపించే దాకా నొక్కు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కరిగినప్పుడు పూర్తిగా లోపలికి నొక్కకపోవడం ఒక ముఖ్య కారణమని తేలింది. విడదీసే తీగలున్న ఎస్ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన తీగలే వాడు. ఇంకోదాని తీగ చూడ్డానికి ఒకేలా ఉన్నా, అవతలి చివర పిన్నుల వరస వేరుగా ఉండి డిస్కులు కాలిపోతాయి.

మొదటిసారి స్విచ్ వేశాక తెర నల్లగా ఉండిపోతే ఆపేయకు. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పది నిమిషాలు ఓపిక పట్టు. అప్పటికీ రాకపోతే బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లలో ఏది వెలుగుతోందో ఫొటో తీసి పంపు. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టావా అన్నది కూడా చూడు. డిస్‌ప్లే వచ్చాక బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని అసలు స్పీడుతో నడిపే ఎక్స్‌పో ఆన్ చెయ్యి, లేకపోతే 6000 స్పీడు ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది.

ఇవన్నీ తర్వాతి మాట. ఇంకా ఏదీ ఆర్డర్ పెట్టకు. ఈ ఆదివారం లోపు ఎలక్ట్రీషియన్‌తో ఆ మూడు కొలతలు తీయించి నాకు అంకెలు పంపు. ఇన్వర్టర్ వెనక స్టిక్కర్ ఫొటో కూడా పంపు. అవి చూశాక ఎస్ఎంపీఎస్, యూపీఎస్ నేనే సీటీసీకి వెళ్లి చూసి తీసుకుంటాను, నెలాఖరుకు మీ అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చేతికిచ్చి పంపుతాను.

ఉంటాను,
మీ మావయ్య