సందేహాలు – సమాధానాలు: ‘తస్మదీయులు’ ఎక్కడివారు?

సందేహం: మా అమ్మాయి బడి వ్యాసంలో ‘అసమదీయులు, తసమదీయులు’ అని రాసింది. సారు రెండూ కొట్టేసి ‘అస్మదీయులు, తస్మదీయులు’ అని దిద్దారు. ఏది ఒప్పు? సినిమా మాటలు నుడికారం కిందికి వస్తాయా? – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: సారు దిద్దినవాటిలో మొదటిది సరే, రెండోది కుదరదు. అస్మద్, యుష్మద్, తద్ అనే సంస్కృత ప్రాతిపదికల (విభక్తి చేరని మూలరూపాల) మీద ‘ఈయ’ చేరితే అస్మదీయ (మనకు చెందిన), యుష్మదీయ (మీకు చెందిన), తదీయ (అతనికి చెందిన) అవుతాయి. ‘తస్మద్’ అనే ప్రాతిపదికే లేదు. ‘తస్మాత్’ ఉంది గదా అంటారేమో, అది తద్ శబ్దానికి పంచమీ విభక్తి రూపం. దాని మీద ‘ఈయ’ రాదు.

1957 నాటి ‘మాయాబజార్’లో రాక్షస శిష్యులకు సంయుక్తాక్షరం పలకక అస్మదీయులు కాస్తా అసమదీయులైంది. దానికి జోడీగా, పరాయివాళ్లు అనే అర్థంలో తసమదీయులు పుట్టింది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు తెలిసే చేశారు. రత్నం రతనమైంది, యత్నం జతనమైంది ఆ తోవలోనే. పత్రికలవాళ్లు వచ్చి, అందులో ఏదో అక్షరదోషం ఉందనుకుని, ‘తస్మదీయులు’ అని శీర్షికలకెక్కించారు. ఇది అటు వ్యాకరణానికీ చెందదు, ఇటు పింగళికీ చెందదు. తెలియని మాటకు ఒత్తు పెడితే సంస్కృతమవుతుందన్న భ్రమ ఈ మధ్య మరీ ముదిరింది.

ఇక నుడికారం సంగతి. సినిమా రాకముందు జనం నోటికి నుడికారం అందించే పని పద్యం చేసింది. మన బమ్మెర పోతన భాగవతం దశమస్కంధంలో, పిల్లలకు పేర్లు పెట్టడానికి వచ్చిన గర్గమునితో నందుడు అంటాడు:

ఊరక రారు మహాత్ములు
వా రధముల యిండ్ల కడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!

సంస్కృత మూలంలో ‘మహద్విచలనం’ (మహాత్ముల రాక) అని పెద్ద సమాసంతో ఎత్తుకున్న శ్లోకమిది. పోతన దాన్ని ‘ఊరక రారు’ అని ఇంట్లో మాటతో మొదలుపెట్టాడు. అందుకే ఆ పాదం జనం నోట నిలిచింది. నిలిచి ఏమైంది? నందుడి వినయం పోయింది. చాన్నాళ్లకు గడప తొక్కిన చుట్టాన్ని చూసి ‘ఊరక రారు మహాత్ములు’ అంటే ఇవాళ అర్థం ‘ఏదో పని పడ్డది’ అని. పొగడ్త ఎత్తిపొడుపైంది.

ఆ ‘ఊరక’ను వరంగల్ జిల్లాలో ఇప్పటికీ రోజూ పలుకుతున్నాం, ‘ఊకె’ అని. నడిమి రేఫ (ర) జారిపోయింది, అంతే. ‘ఊరుకో’ కూడా ‘ఊకో’ అయింది ఇట్లాగే. ‘ఊకె వచ్చిన’ అంటే పనేం లేదని. ‘ఊకెనే ఇచ్చిండు’ అంటే పైసలు తీసుకోలేదని. ‘ఊకె అదే ముచ్చట’ అంటే మాటిమాటికీ అని. ఈ మూడో అర్థం ‘నిష్కారణంగా’ అన్నదాంట్లోంచే సాగి వచ్చిందని నా నమ్మకం: కారణం లేకుండా చేసే పనికి ఆపే కారణమూ ఉండదు. ‘ఊకె’ అన్న పిల్లవాణ్ని మోటుగా మాట్లాడుతున్నావని గదమాయించేవారు పోతన పద్యం మొదటి మాట మరోసారి చదవాలి.

సినిమా మాటకూ ఇదే జరుగుతుంది. ‘పాతాళభైరవి’ (1951)లో ‘సాహసం శాయరా డింభకా’ అన్నది తోటరాముణ్ని బలివ్వాలని చూసే మాంత్రికుడు. మనం పరీక్షకు పోయే పిల్లలకు ధైర్యం చెప్పడానికి వాడుతున్నాం. అన్నవాడి బుద్ధి వదిలి మాట ఒక్కటే మిగిలింది. నా లెక్కలో నుడికారానికి గుర్తు అదే. ఇంకొకటి: బొమ్మ చూడనివారు కూడా వాడాలి, విభక్తులు అతకాలి. ‘తసమదీయులకు చెప్పకు’, ‘వాడికి రెండు వీరతాళ్లు వెయ్యాలె’ (ఇదీ ‘మాయాబజార్’ మాటే) ఇట్లా నిలుస్తాయి. నటుడి గొంతు అనుకరిస్తే తప్ప నవ్వు రాని డైలాగు ఇంకా నుడికారం కాలేదు. నిరుటి సినిమా మాటల్లో చాలావాటి గతి ఇదే.

మీ అమ్మాయిని గంభీరమైన వ్యాసంలో ‘అస్మదీయులు, పరులు’ అని రాయమనండి. సరదా సంభాషణ రాస్తే ‘అసమదీయులు, తసమదీయులు’ ఉంచవచ్చు, పరీక్ష పేపరు దిద్దేవారు ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను. ‘తస్మదీయులు’ మాత్రం రెండు చోట్లా వద్దు.