బడికి ఫోను వెళ్లొచ్చు, క్లాసులోకి వద్దు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్నేహితులందరూ తెస్తున్నారట, తనూ బడికి ఫోను తీసుకెళ్తానని పట్టుబడుతోంది. దారిలో ఏదైనా అయితే ఎలా అని నాకూ టెన్షనే. వచ్చే వారం తల్లిదండ్రుల సమావేశంలో దీనిమీద మా అభిప్రాయం అడుగుతారట. ఒప్పుకోమంటారా, వద్దంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు విషయాలు కలిపి అడిగారు. దారిలో ఫోను ఉండటం వేరు, క్లాసులో చేతికి అందేలా ఉండటం వేరు. మొదటిదానికి సరే అనండి. రెండోదానికి మాత్రం గట్టిగా వద్దనండి.

నేను 28 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఒకరోజు బోర్డు మీద సమీకరణం మూడో స్టెప్పు రాస్తుంటే ఒక అమ్మాయి బ్యాగులో ఫోను అదిరింది. మోగను కూడా లేదు. ఆ పిల్ల ఫోను తీయలేదు, పాపం. పెన్ను మాత్రం ఆగిపోయింది. కాలితో బ్యాగును మెల్లగా దగ్గరకు లాక్కుంది. పక్కనున్న పిల్ల అటు చూసింది, వెనక బెంచీ అబ్బాయి మెడ సాచాడు. నేను లెక్క పూర్తిచేసి తిరిగేసరికి ముగ్గురి నోట్‌బుక్కుల్లోనూ రెండో స్టెప్పు దగ్గరే ఆగి ఉంది. పీరియడ్ అయ్యాక అడిగితే ఆ అమ్మాయి మెసేజ్ చూపించింది. ‘పేపర్లు ఇచ్చారా? ఎన్ని వచ్చాయి?’ అని వాళ్లమ్మ పంపింది. పిల్లలే ఫోను వదలరని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ తర్వాత అలా అనలేకపోయాను.

2015లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఇంగ్లండ్‌లో 91 బడుల ఫలితాలు పరిశీలించారు. ఫోన్లు నిషేధించాక మార్కులు పెరిగాయి. ఎక్కువ లాభపడింది చదువులో వెనకబడ్డ పిల్లలు. బాగా చదివేవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్వీడన్‌లో ఇదే పద్ధతిలో చూస్తే అలాంటి లాభం కనపడలేదు కాబట్టి, నిషేధిస్తే చాలు ర్యాంకులు వచ్చేస్తాయని నేను చెప్పను. అయినా నా క్లాసులో ఆ మూడు నోట్‌బుక్కులూ లెక్కలంటే భయపడే పిల్లలవే. వాళ్లకు ఒక స్టెప్పు పోతే మొత్తం లెక్క పోయినట్టే.

మార్కుల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఇంటర్వెల్లో ఒక అబ్బాయి జారిపడితే, చెయ్యి అందించడానికి ముందే ఇద్దరు వీడియో తీశారు. సాయంత్రానికి అది క్లాసు గ్రూపులో తిరిగింది. ఆ అబ్బాయి వారం రోజులు బడికి రాలేదు. దెబ్బ మోకాలికి తగిలింది, అది రెండు రోజుల్లో మానిపోయింది కూడా. అందుకే క్లాసులో ఒక్కటే వద్దంటే చాలదు, ఇంటర్వెల్లోనూ వద్దనాలి. ఫ్రాన్స్‌లో 2018 చట్టం అలాగే చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లలకు అవసరమైన పరికరాలను మినహాయించింది.

మినహాయింపులు మన దగ్గరా ఉండాలి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు కొందరు ఒంటికి సెన్సర్ పెట్టుకుంటారు. చక్కెర పడిపోతే ఫోనే హెచ్చరిస్తుంది. అలాంటి బిడ్డ దగ్గర ఫోను లాక్కోవడం ప్రమాదం. టీచర్ అవసరమనుకున్న పాఠానికి వాడించడం కూడా తప్పు కాదు, పని కాగానే తిరిగి తీసుకుంటే సరి.

మీ అమ్మాయికి దారి కోసం మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే మామూలు ఫోను చాలు. గేటు దగ్గర స్విచాఫ్ చేసి ఇచ్చేయాలి, వెళ్లేటప్పుడు తీసుకోవాలి. అక్కడ పేరు రాసిన సంచి, తాళం వేసే అల్మరా, పోతే ఎవరు బాధ్యులో ముందే చెప్పిన మాట ఉండాలి. ఇవేవీ లేకుండా ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో పడేస్తే గొడవలే మిగులుతాయి. టీచర్లు కూడా క్లాసులో ఫోను బయటికి తీయకూడదని అడగండి. మేం చూసుకుంటూ పిల్లల్ని వద్దంటే వాళ్లెందుకు వింటారు?

బడి వేళల్లో మీ నుంచి మెసేజ్ రాదని అమ్మాయికి ముందే చెప్పండి. అత్యవసరమైతే ఆఫీసుకే ఫోన్ చేస్తానని కూడా చెప్పండి. సమావేశంలో మాత్రం ఒక్కటి తప్పకుండా తేల్చుకోండి: ఆఫీసు నంబరుకు చేస్తే ఎవరు ఎత్తుతారు, ఆ కబురు పిల్ల దగ్గరకు ఎంతసేపట్లో చేరుతుంది? దానికి సరైన జవాబు వచ్చేదాకా మీరు కుర్చీలోంచి లేవకండి.