యుద్ధం ఎన్నింటికి ముగియాలో మీ చేతిలోనే ఉంది

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. విశాఖపట్నంలో, గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. 2013లో ఇంజినీరింగ్ హాస్టల్లో ఉండగా స్నేహితులతో కలిసి ఫోన్‌లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడటం మొదలుపెట్టాను, మన ఊరు కట్టుకుని ఎదుటివాళ్ల ఊళ్ల మీద దాడి చేసే గేమ్. అప్పటి మా క్లాన్, అంటే జట్టు, ఇప్పటికీ నడుస్తోంది. హైదరాబాద్, దుబాయ్, డల్లాస్ అంతా కలిపి 22 మందిమి. లీడర్‌ని నేనే. తాగుడు, సిగరెట్ లేవు, నాకున్న సరదా ఇదొక్కటే. డల్లాస్‌లో ఉన్న కో-లీడర్ తన వీలు చూసుకుని వార్ (ఇంకో క్లాన్‌తో పోటీ) మొదలుపెడతాడు కాబట్టి మనకు రాత్రి రెండింటికి ముగుస్తుంది. అంతవరకూ మేలుకుంటాను. బి షిఫ్టు నుంచి వచ్చాక పైకి వెళ్తే కుదరదని సెల్లార్‌లోనే బండి మీద కూర్చుని కాసేపు ఆడేసి వెళ్తాను. ఈ సంగతి మా ఆవిడకు తెలిసిపోయింది. మొదట్లో గొడవ పడేది, ఈ మధ్య ఏమీ అనడం లేదు. మరదలి గృహప్రవేశంలో పాలు పొంగించే సమయానికి నేను మేడ మెట్ల మీద అటాక్ చేస్తూ దొరికిపోయాను. మా అత్తగారైతే నేను రమ్మీ ఆడుతున్నాననే అనుకుంటున్నారు. రెండుసార్లు గేమ్ తీసేశాను, వారం తిరక్కుండా మళ్లీ పెట్టుకున్నాను. ఇది వ్యసనమా? మానేయాలా? ఏడేళ్ల మా బాబు తనకూ చూపించమంటున్నాడు, చూపించవచ్చా?

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం, అది తేలిగ్గా తేలిపోతుంది. ఆవిడ భయంలో తప్పు లేదు. ఆన్‌లైన్ గేమ్ అనగానే మన పెద్దవాళ్లకు గుర్తొచ్చేవి రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు, వాటి వెనక అప్పులు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పందెం ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మీరు ఆడేది ఆ కోవలోది కాదు. పందెం కాసేది లేదు, గెలిస్తే చేతికి వచ్చేదీ లేదు. అలాగని పైసా ఖర్చు లేదని మాత్రం చెప్పకండి. ఆటలో డబ్బిచ్చి కొనుక్కునే గోల్డ్ పాస్‌కో జెమ్స్‌కో నెలకు ఎంత పెడుతున్నారో ఫోన్‌లో బిల్లులు తీసి మీ ఆవిడకు చూపించండి. ఎంతైనా సరే, అంకె తెలిస్తే అనుమానం అక్కడితో ఆగుతుంది. అత్తగారికి ఆ సంగతి మీ ఆవిడే చెప్పుకోనివ్వండి. అల్లుడు చెబితే ఆవిడ నమ్మరు.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లో ఉంది. అందులో రోజుకు ఇన్ని గంటలు అన్న లెక్క ఎక్కడా లేదు. చూసేవి మూడు. ఆట మీద అదుపు తప్పిందా, మిగతా పనులన్నిటి కంటే ఆటే ముందుకొచ్చిందా, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోతున్నారా. మామూలుగా ఇవి ఏడాది పాటైనా ఉండి, ఇల్లూ ఉద్యోగమూ బాగా దెబ్బతింటేనే ఆ పేరు పెడతారు. మీ ఉత్తరం చూస్తే మీరు ఆ స్థితిలో ఉన్నారని నాకనిపించలేదు. డ్యూటీ మానలేదు, అప్పు చేసినట్టు రాయలేదు. కానీ ఆ గృహప్రవేశం సంగతి చదివాక రెండోది మీ గుమ్మం దాకా వచ్చిందనే అనుకున్నాను. ఇంటి అల్లుడు ఎక్కడని అడిగిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు మీ ఆవిడ ఏం సంజాయిషీ చెప్పుకుందో ఎప్పుడైనా అడిగారా?

మూడోసారి గేమ్ తీసేస్తానని ఒట్టు వేయకండి. యాప్ తీసేసినంత మాత్రాన ఆటలోని మీ ఊరు ఎక్కడికీ పోదు. కంపెనీ సర్వర్‌లో భద్రంగా ఉంటుంది, ఐడీతో లాగిన్ అయితే మళ్లీ ప్రత్యక్షం. అది మీకు మొదటినుంచీ తెలుసు, రెండుసార్లు చూశాక మీ ఆవిడకూ తెలిసిపోయి ఉంటుంది.

అసలు మానేయమని నేను చెప్పను కూడా. పెళ్లీ పిల్లలూ అయ్యాక మగవాళ్ల స్నేహాలు పెళ్లిపందిళ్లలో పలకరింపుల దాకా కుంచించుకుపోవడం రోజూ చూస్తున్నాను. పదమూడేళ్ల తర్వాత కూడా 22 మంది హాస్టల్ మిత్రులు రోజూ ఒక మాట అనుకునే చోటు దొరకడం చిన్న విషయం కాదు. మా నాన్నగారి రోజుల్లో ఆఫీసు అయ్యాక రిక్రియేషన్ క్లబ్బు ఉండేది. క్యారమ్స్ బోర్డు, పేకముక్కలు, టీ. మా అమ్మ ఆ క్లబ్బును తిట్టని రోజు లేదు. అయినా ఆ క్లబ్బుకు ఒక మంచి గుణం ఉండేది. తొమ్మిదిన్నర అయ్యేసరికి వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పేసేవాడు. ఆట మధ్యలో ఉన్నా సరే, అందరూ గొణుక్కుంటూ చెప్పులు వెతుక్కోవాల్సిందే.

మీ గేమ్‌లో కూడా ఒకప్పుడు అలాంటి వాచ్‌మన్ ఉండేవాడు. మీ ఉత్తరం వచ్చాక ఆడేవాళ్లను అడిగి తెలుసుకున్నాను లెండి. 2012లో ఫిన్లాండ్ కంపెనీ ఈ ఆట తెచ్చినప్పుడు, ఒక అటాక్ అయ్యాక సైన్యం మళ్లీ తయారయ్యేదాకా ఎదురుచూడాల్సి వచ్చేదట. ఫోన్ పక్కన పెట్టక తప్పేది కాదు. ఆ ఎదురుచూపును తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చి 2025 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఒక అటాక్ ముగిసేసరికి ఇంకో సైన్యం సిద్ధం. మూడు నిమిషాల ఆటే కదా అని కూర్చుంటే గంట గడిచిపోవడంలో మీ బలహీనత కొంత, ఈ మార్పు కొంత. ఆట ఆపే పని ఇప్పుడు ఆట చేయదు, మీరే చేసుకోవాలి.

ఎలా అంటారా? వార్ సంగతే తీసుకోండి. సన్నాహం 23 గంటలు, యుద్ధం 24 గంటలు, కలిపి 47. ఎప్పుడు ముగుస్తుందన్నది ఎప్పుడు మొదలుపెట్టారన్న దాని మీదే ఉంటుంది. మొదలుపెట్టేది లీడరో కో-లీడరో. అంటే రాత్రి రెండింటికి ముగియాలని ఎవరూ శాసించలేదు. డల్లాస్ మిత్రుడు బటన్ నొక్కుతున్నాడు, మీరు ఊరుకుంటున్నారు, అంతే. మన టైములో రాత్రి 9 గంటలకు మీరు నొక్కండి. మర్నాడు రాత్రి 8కి యుద్ధం మొదలై, ఆ మర్నాడు 8కి ముగుస్తుంది. డల్లాస్‌లో అప్పుడు ఉదయం. ఆ 24 గంటల్లో ఆయనకు ఒక పూర్తి సాయంత్రం దొరుకుతుంది, అటాక్‌లు అప్పుడు చేసుకుంటాడు. పదమూడేళ్ల స్నేహితుడు ఆ మాత్రం సర్దుకోడా?

ఇంకో సంగతి. వార్‌లో మీకుండేవి రెండే అటాక్‌లు. ఆలోచించుకుని చేసినా పావుగంట. మరి రెండింటి దాకా మేలుకుని చేసేదేమిటి? స్కోరు చూడటం, ఎవరు అటాక్ వేయలేదో కనుక్కుని లేపడం. ఆట పావుగంట, లీడర్‌గిరీ మిగతా రాత్రంతా. ఆ పని ఇద్దరు కో-లీడర్లకు పంచేయండి. మీకు బి షిఫ్టు పడిన వారం సాయంత్రాలు ఎలాగూ డ్యూటీలో ఉంటారు, అప్పుడు క్లాన్ బాధ్యత వాళ్లదే. రాత్రి డ్యూటీ ఉండే సి షిఫ్టు వారం అసలు వార్‌లోనే ఉండకండి. వార్‌కు వస్తానో రానో చెప్పే మీట ప్రొఫైల్‌లో ఉందటగా, దాన్ని ఎర్రగా పెట్టేయండి. వార్‌లు 2014లో వచ్చాయి. అంతకుముందు ఏడాది మీరు అవి లేకుండానే ఆనందంగా ఆడారు కదా.

నిద్ర దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. షిఫ్టుల వాళ్ల నిద్ర అసలే ముక్కలు ముక్కలు. వార్ గెలిచిన వేడిలో రెండింటికి మంచమెక్కినా వెంటనే కన్ను మూతపడదు. మర్నాడు పొద్దుటి షిఫ్టుకు ఆరింటికల్లా లోపల ఉండాలంటే నాలుగున్నరకు లేవాలి. రెండు గంటలు కూడా నిండని నిద్రతో, హైవే మీద లారీల మధ్య బండి నడుపుకుంటూ వెళ్లి మెషీన్ ముందు నిలబడతారు. మర్నాడు పొద్దుటి షిఫ్టు ఉంటే ముందు రోజు రాత్రి తొమ్మిది దాటాక గేమ్ లేదు. ఇందులో బేరం లేదు బాబూ.

ఇవన్నీ సర్దుబాట్లు. నన్ను బాధపెట్టింది ఆ సెల్లార్.

పదిన్నరకు మీ బండి శబ్దం పైన వంటింట్లోకి వినబడుతుంది. ఆవిడ కూర వేడి చేయడానికి స్టవ్ వెలిగిస్తుంది. లిఫ్టు రాదు. స్టవ్ ఆపుతుంది. పావుగంటకు మళ్లీ వెలిగిస్తుంది. ఇలా ఎన్ని రాత్రులు జరిగాయో మీరు రాయలేదు. మీరు దాచింది ఆటనే కావచ్చు. ఆవిడకు మాత్రం ఆయన ఇంటి దాకా వచ్చి కూడా ఇంట్లోకి రావడం లేదని అర్థమై ఉంటుంది. గొడవ పడినన్నాళ్లూ మీరు మారతారని ఆవిడ అనుకుంది. ఇప్పుడు ఏమీ అనడం లేదంటే సమాధానపడిందని అనుకోకండి. నా దగ్గరికి వచ్చే భార్యల్లో చాలామంది ఇలా మాట మానేసిన ఏడాదికో రెండేళ్లకో వస్తారు.

ఎనిమిది గంటల డ్యూటీ తర్వాత ఎవరూ పలకరించని కాసేపు కావాలనుకోవడం నేరమేమీ కాదు. దాన్ని దొంగతనంగా తీసుకోవడంతోనే పేచీ వచ్చింది. ఈ రోజు నుంచి నేరుగా పైకి వెళ్లండి. స్నానం చేసి, ఇద్దరూ కలిసి తిన్నాక, అరగంట ఆడుకుంటానని ఆవిడతో చెప్పి హాల్లోనే కూర్చుని ఆడండి. అరగంట కాగానే ఫోన్ చార్జింగ్‌కు పెట్టేయండి, మంచం పక్కన కాకుండా వంటింట్లో. సెల్లార్ సంగతికి క్షమాపణ కూడా చెప్పాలి. చెప్పేటప్పుడు ‘నాకు తాగుడు లేదు కదా’ అని మొదలుపెట్టకండి. లేనిదాన్ని చూపించి ఉన్నదాన్ని మాఫీ చేయమంటే ఏ భార్యకైనా ఒళ్లు మండుతుంది.

ఆవిణ్ని మెప్పించడానికని అరకు ట్రిప్పు ప్లాన్ చేసేరు, వద్దు. ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోతే ముందు కంగారుపడేది మీరే. వీక్లీ ఆఫ్ నాడు సాయంత్రం రెండు గంటలు చాలు. మీకు ఆర్కే బీచ్ దూరమనిపిస్తే అప్పికొండ ఉంది. సోమేశ్వరుడి గుడి, పక్కనే సముద్రం. బాబును నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఆర్కే బీచ్‌కే వెళ్తే ముగ్గురూ మూరీ మిక్స్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చోండి. ఎక్కడికెళ్లినా మీ ఫోన్ ఇంట్లోనే ఉండాలి. అత్యవసరానికి ఆవిడ ఫోన్ ఉందిగా.

రెండు నెలలు ఇలా చేసి చూడండి. చేద్దామనుకుంటూనే ప్రతి రాత్రీ ఓడిపోతున్నారనుకోండి, అప్పుడు సాయం తీసుకోవాలి. టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. ఊళ్లో దానికి వాడే పాత పేరు తలచుకుని సిగ్గుపడకండి, ఇలాంటి వాటికి కూడా అక్కడ డాక్టర్లు చూస్తారు.

బాబుకు చూపించవచ్చా అన్నారు. నిక్షేపంగా చూపించండి, వాళ్లమ్మ పక్కనుండగా. వాడి పేరు మీద ఖాతా మాత్రం వద్దు, దానికి 13 ఏళ్లు నిండాలన్నది కంపెనీ పెట్టిన నియమమే. క్లాన్ చాట్ వాడి కంటపడనివ్వకండి, హాస్టల్ స్నేహితుల భాష నాకు తెలియనిది కాదు. ఈసారి ఆటలోని మీ ఊరికి గోడలు ఎక్కడ కట్టాలో వాణ్ని అడగండి. ఏడేళ్లవాడు పనికొచ్చే చోట కట్టడు, అందంగా ఉండే చోట కడతాడు. దాంతో మీరు వార్‌లో ఒకటో రెండో స్టార్లు, అంటే పాయింట్లు, పోగొట్టుకుంటారు. ఈసారి సంజాయిషీ మీరు చెప్పుకోండి, క్లాన్‌కు.