టైల్స్ సంగతి తర్వాత, ముందు జాగా కొలవండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఉన్న ఒక్క బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పక్కనే చిన్న స్టోరు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. దర్శనానికి చుట్టాలొస్తే పొద్దున్నే క్యూ. కమోడ్, గాజు పార్టిషన్, కౌంటర్ వాష్‌బేసిన్‌తో కొత్తగా కట్టడానికి మేస్త్రి 1,60,000 చెప్పారు. అందులో గాజు, కౌంటర్‌లకే 35,000. లక్ష చొప్పున రెండు ఎఫ్‌డీలున్నాయి. ఇంటిఖర్చు 28,000 పోను నెలకు 6,000 మిగులుతుంది. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, లోన్ మాట తర్వాత. ముందు సుద్దముక్క పట్టుకుని మిద్దె మీదికి వెళ్లి నాలుగు బై ఆరు గీయండి. కమోడ్ గోడ నుంచి దాదాపు 28 అంగుళాలు ముందుకొస్తుంది. అక్కడ కుర్చీ వేసి అత్తమ్మను కూర్చుని లేవమనండి. చేతులు ఆసరా కోసం ఎక్కడ వెతుకుతున్నాయో చూడండి, పట్టుకునే కడ్డీ అక్కడే బిగించాలి. ఇక పొడవులో మిగిలేది 44 అంగుళాలు. మూడడుగుల గాజు గది పెడితే 8 అంగుళాలే ఉంటాయి. కాలు ఎక్కడ పెడతారు?

తలుపు బయటికి తెరుచుకోవాలి. మా నాన్న బాత్రూమ్‌లో పడిపోయినప్పుడు తలుపుకు అడ్డంగా ఉన్నారు, లోపలికి తోయలేక పగలగొట్టాం. ఈ ఒక్క విషయంలో రాజీపడకండి.

గాజు, కౌంటర్ వద్దు. చిన్న వాష్‌బేసిన్ హాల్లో పెట్టుకుంటే ఒకరు స్నానం చేస్తుండగా మరొకరు పళ్లు తోముకోవచ్చు, క్యూ సగం తగ్గుతుంది. మిగిలిన 35,000తో స్టోరు వైపు రెండడుగులు కలుపుకోండి. అప్పుడు 32 చదరపు అడుగులవుతుంది. బాత్రూమ్, టాయిలెట్ కలిపి ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఆ గోడ నాలుగున్నర అంగుళాలదైతే సాధారణంగా బరువు మోయదు. అయినా పగలగొట్టే ముందు ఇంజనీరుకు చూపించండి. ఆ పనికి మేస్త్రి దగ్గర విడిగా రేటు రాయించుకోండి. 20,000 లోపు అయితే మిగతా 15,000 పాత పైపుల వంటి అనుకోని ఖర్చుకు ఉంచండి.

ఇప్పుడు డబ్బు. 1,60,000 పర్సనల్ లోన్‌కు 14 శాతం చొప్పున రెండేళ్లయితే ఈఎంఐ సుమారు 7,680, వడ్డీయే 24,000 దాటుతుంది. మీ మిగులు 6,000, కాబట్టి వద్దు. ఒక ఎఫ్‌డీ తీయండి, రెండోది మూడున్నర నెలల ఖర్చు, దాన్ని ముట్టుకోకండి. తక్కువపడే 60,000కు నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకోండి. 10 శాతానికి ఏడాదికి నెలకు 5,275 కడితే తీరిపోతుంది.

మేస్త్రికి విడతలుగా ఇవ్వండి. టైల్స్ వేయకముందు నేల మీద నీళ్లు కట్టి ఒక రోజంతా నిలబెట్టమనండి. మరుసటి రోజు కింద, పక్క గోడకు చెమ్మ లేదని మీ చేత్తో తడిమి చూశాకే రెండో విడత ఇవ్వండి.