గండికోటకు పోయేముందు

చి.ల.సౌ. అమ్మాయికి,

జమ్మలమడుగు నుంచి మీ చిన్నాయన ఆశీర్వదించి రాయునది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలను, మీ అత్తగారిని వెంటబెట్టుకుని గండికోట చూడాలనుకుంటున్నామని రాసినావు. శానా సంతోషం. మీ అత్తగారు అంత నడవగలదా అని అడిగినావు కదా, నడవగలదు. కోటవాకిలి నుంచి ఊరిమీదుగా పెన్న నది గట్టుదాకా పోయి, చుట్టు తిరిగి మళ్లీ వాకిలికి రావడానికి మూడు కిలోమీటర్లకు మించదు. ఎక్కుడు దిగుడు పెద్దగా లేదు. గట్టు దగ్గర బండలు మాత్రమే కష్టం. ఆ సంగతి తర్వాత చెప్తా.

అన్నిటికంటే ముందు ఈ ఒక్క మాట విను. వచ్చేవాళ్లలో శానామంది కారు దిగిన వెంటనే లోయ దగ్గరికి పరుగెత్తుతారు. ఫోటోలు తీసుకుంటారు, ఎండ ఎక్కేసరికి అలసిపోయి గుడీ మసీదూ దూరం నుంచే చూసి వెనక్కి మళ్లుతారు. మీరట్ల చెయ్యొద్దు. ముందు ఊరు, తర్వాత గుడి, ఆ తర్వాత మసీదు, ధాన్యాగారం, చివరికి నది. పెన్నకు ఈ దక్షిణపు ఒడ్డున ఇంత కోట ఎందుకు కట్టినారో అర్థమైనాక లోయలోకి తొంగి చూస్తే ఆ చూపే వేరుగా ఉంటుంది.

తెల్లవారుజామునే జమ్మలమడుగులో బయల్దేరండి. గండికోట పదిహేను కిలోమీటర్లు. బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకోండి. మీరు తిరిగొచ్చేదాకా అక్కడే ఉండాలని బేరంలోనే చెప్పుకోండి, లేకపోతే వచ్చేటప్పుడు బండి దొరక్క ఇబ్బంది పడతారు. పిల్లలకు ఇక్కడే టిఫిను పెట్టించు. మనిషికొక సీసా నీళ్లు, పులిహోరో పెరుగన్నమో ఏదో ఒకటి డబ్బాలో పెట్టుకో. హవాయి చెప్పులు ఎవరూ వేసుకోవద్దు. మీ అత్తగారికి చేతికర్ర ఉంటే మొహమాటపడకుండా తెచ్చుకోమను.

కోటవాకిలి దగ్గర ఒక పది నిమిషాలు నిలబడండి. తలుపులకు ఇనుప రేకు తాపి, మొనదేలిన మేకులు దిగగొట్టినారు. ఏనుగులతో గుద్దించకుండా చేసిన ఏర్పాటు అది. లోపలికి దారి కూడా నేరుగా పోదు, మలుపు తిరిగి తిరిగి పోతుంది. దండు వేగంగా దూసుకురాకూడదు కదా. పిల్లలను ఆ మేకుల్ని చేత్తో తడమనీ. చరిత్ర పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా రానిది అక్కడ తెలిసొస్తుంది.

వాకిలి దాటితే ఊరే. కోటలోపల ఇప్పటికీ కాపురాలున్నాయి, పశువులున్నాయి. అది చూడ్డానికి పెట్టిన బొమ్మల ఊరు కాదు. ఎవరి ఇంటి ముందరన్నా నిలబడితే పలకరించండి, అడగకుండా ఫోటో తియ్యొద్దని పిల్లలకు గట్టిగా చెప్పు. అక్కడి పెద్దవాళ్లు నాలుగు మాటలు మాట్లాడితే దారి వాళ్లే చూపిస్తారు. చార్మినారు (హైదరాబాదుది కాదులే, ఈ కోటలోదే), జైలు, పావురాల గోపురం అన్నీ దారిలోనే వస్తాయి. వాటిని నడుస్తూ చూస్తే చాలు.

నిలబడాల్సింది మాధవరాయస్వామి గుడి దగ్గర. గోపురం తూర్పు ముఖం. అందుకే పొద్దున్నే పొమ్మంటున్నా. లేత ఎండ నేరుగా పడి ఆ రాయి వెలుగుతుంది. గర్భగుడిలో మూర్తి లేదు, పూజలు లేవు. అయినా చెప్పులు బయటే విడిచి పోండి. విజయనగరం కాలపు పనితనమది. మండపంలో ఒక స్తంభాన్ని ఎంచుకుని కిందనుంచి పైదాకా నిదానంగా చూడండి. అన్నిటినీ ఒక చూపు చూసి వచ్చేదానికంటే అదే మేలు. మీ అత్తగారికి కూర్చోవడానికి ఆ మండపంలో చల్లటి నీడ కూడా ఉంది.

అక్కడినుంచి జామియా మసీదు. రెండు మీనార్లు దూరానికే కనబడతాయి. పక్కనే ధాన్యాగారం. లోపలికి అడుగుపెట్టి పైకి చూడండి, కమాను కట్టడం ఎంత గట్టిదో తెలుస్తుంది. ముట్టడి పడితే లోపల జనానికి తిండిగింజలు కావాలి, నీళ్లు కావాలి. ధాన్యాగారం, కోనేరు, చెరువు అన్నీ అందుకే. విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1652లో గోల్కొండ సుల్తాను తరఫున ఆయన సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. అదే ఏడాది ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు తవెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిసినాడు. పెద్దోడికి ఈ సంగతి ఆ ధాన్యాగారం నీడలోనే చెప్పు, ఇంట్లో చెప్తే వాడికి పట్టదు. పక్కనున్న కత్తుల కోనేరులో యుద్ధం ముగిసినాక కత్తులు కడిగేవాళ్లని చెప్పుకుంటారు. చిన్నది ఆ కథ విని మళ్లీ మళ్లీ అడుగుతుంది చూడు.

ఇక పెన్న. ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పారుతుంది. ఎర్రటి బండలు ఇటుకలు పేర్చినట్టు రెండు పక్కలా నిలబడి ఉంటాయి, నీళ్లు సుమారు 300 అడుగుల కింద. మైలవరం జలాశయం దిగువనే ఉంది కాబట్టి అక్కడ నీళ్లు ఎక్కువుంటే లోయలో నిండుగా కనబడతాయి, ఎండాకాలం తగ్గిపోతాయి. ఇప్పుడైతే చూడ్డానికి బాగుంటుంది.

అమ్మాయీ, ఇక్కడ మాత్రం నా మాట జవదాటొద్దు. బండలకు బండలకు మధ్య సందులున్నాయి, మీద ఇసుక, గులకరాళ్లు జారుతాయి, గాలి కూడా ఉన్నట్టుండి విసురుగా వస్తుంది. చిన్నదాని చెయ్యి ఒక్క క్షణం కూడా వదలొద్దు. అంచున వెనక్కి నడుస్తూ ఫోటో తీసుకోవడం పెద్దోడికైనా సరే, అల్లుడికైనా సరే వద్దని నేను చెప్పినానని చెప్పు. అంచుకు నాలుగడుగులు ఇవతల కూర్చున్నా లోయంతా కనబడుతుంది. వాన పడి బండలు తడిసి ఉంటే అంతదూరం కూడా పోవద్దు. మీ అత్తగారిని మసీదు దగ్గర నీడలోనే కూర్చోబెట్టి, ఒకరు ఆమె దగ్గరుండి, మిగతావాళ్లు వంతులవారీగా పోయి రండి.

తొమ్మిదిన్నరకల్లా బండలమీద నుంచి లేవండి, తర్వాత రాయి కాలుతుంది. వచ్చేటప్పుడు పోయిన దారినే రాకుండా రంగనాథస్వామి గుడి కూడా చూసి ఊళ్లోకి రండి. అది మాధవరాయ గుడికంటే చిన్నది, జనం తక్కువ. డబ్బాలో అన్నం తినడానికి ఆ చుట్టుపక్కల చెట్టునీడ వెతుక్కోండి. తిన్న కాగితాలు, ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని జమ్మలమడుగుకే తీసుకురండి. ఆ రాళ్ల సందుల్లో ప్లాస్టిక్ చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

ఆదివారం వద్దు, జనం ఎక్కువ. పండగ అయినాక మంగళవారమో బుధవారమో పెట్టుకో. ముందురోజు రాత్రికి మన ఇంటికి వచ్చేయండి, మీ పిన్నమ్మ సంగటి, పప్పు చేసి పెడతానంటోంది. తెలిసిన ఆటో ఉంది, పొద్దున ఐదున్నరకు వాకిట్లో ఉండమని నేనే చెప్తా. ఎంతమంది వస్తున్నదీ ముందుగా తెలియజేయి.

మీ చిన్నాయన